ముప్పై ఒకటో తల

తెలకపల్లిలో కమిటీ హాలు తాళంచెవి ఎప్పుడూ మాసయ్య మొలతాడుకే ఉంటుంది. తలుపు తీసేది మాసయ్య, ఊడ్చేది నర్సమ్మ. ఇద్దరిదీ ఒకే వాడ. మాసయ్యకు డెబ్బై దాటాయి. నర్సమ్మకు అరవై నిండి రెండు మూడేళ్లయింది.

నెలలో రెండో ఆదివారం మధ్యాహ్నం ఆ హాలులో సినిమా వేస్తారు. బడిలో చరిత్ర చెప్పి రిటైరైన శివశంకర్ సారు తన ఇంటి పెద్ద టీవీని ఆటోలో పెట్టుకుని వస్తారు. కిటికీలకు టార్పాలిన్లు కట్టి చీకటి చేయడం మాసయ్య పని. అన్నీ పాత సినిమాలే, చాలావరకు పరదేశాలవి. అర్థం కాని చోట సారు బొమ్మను ఆపి తెలుగులో చెబుతారు. పదిమంది వస్తే ఎక్కువ.

నర్సమ్మ గుమ్మంలో కూర్చుని చూస్తుంది. గుమ్మం వెనక చిన్న వరండా, అక్కడ గ్యాసు పొయ్యి మీద టీ.

"పాటల్లేవు, పెండ్లిల్లేవు. ఏం సినిమాలు సారూ ఇవి? సావుకాడ కూసున్నట్లుంటది" అని ప్రతిసారీ అంటుంది. ఒక్కటీ వదలదు.

మార్చి నెలలో సారు యుద్ధఖైదీల సినిమా వేశారు. నలుపు తెలుపు బొమ్మ. ఓడిపోయిన సైనికులు శత్రువు దేశంలో, మంచు పడే ఒక లోయలో ఖైదు. చుట్టూ ముళ్లకంచె. కొండను తొలిచి శత్రువుకు దారి వేయడం వాళ్ల పని. అందులో పెద్ద యుద్ధమేమీ లేదు. తుపాకి రెండుసార్లు పేలుతుంది, అదీ దూరంగా. రోజూ పొద్దున ఖైదీలను వరుసలో నిలబెట్టి పేర్లు పిలుస్తారు. పిలిచినవాడు పలుకుతాడు. తర్వాత పని. సాయంత్రం మళ్లీ పేర్లు. సినిమా సగం ఇదే. చూస్తుంటే మొదట విసుగొస్తుంది. తర్వాత ఆ పేర్ల పిలుపు కోసమే ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటాం.

ఎందుకంటే ఒక పొద్దున ఒకడు ఉండడు. రాత్రి కంచె కింద నుంచి పోయాడు. అతని పేరు పిలుస్తారు. మంచులో వరుస కదలదు. అప్పుడు చివర నిలబడిన ఒక ముసలి సార్జెంటు పలుకుతాడు. కాసేపటికి సార్జెంటు సొంత పేరూ వస్తుంది. దానికీ పలుకుతాడు, అదే గొంతుతో. పేర్లు రాసుకునే కావలివాడు తలెత్తి చూస్తాడు. ముసలాయనను పొద్దు గూకేదాకా మంచులో నిలబెడతారు. మర్నాడు మళ్లీ రెండు పేర్లకూ పలుకుతాడు. మూడోనాడు కావలివాడు తలెత్తడు. రాసుకుని పోతాడు.

పోయినవాడు ఇల్లు చేరాడో లేదో సినిమాలో చెప్పరు. చివరి బొమ్మలో ఖైదీలు కొండ తవ్వుతూ ఉంటారు.

టీవీ ఆగింది. ఎవరూ లేవలేదు.

"గదేంది సారూ, వాడు ఇంటికి వొయ్యిండా లేదా?" గుమ్మంలో నుంచి నర్సమ్మ అడిగింది.

"చూపలేదమ్మా."

"అంతసేపు కూసోబెట్టి గది జెప్పకపోతె ఎట్ల? సినిమా తీసినోనికే ఎర్క లేదేమో."

పోస్టాఫీసు మల్లేశ్ నవ్వాడు. "నువ్వు పోయి అడిగిరా నర్సమ్మక్కా, పాసుపోర్టు నేను తెప్పిస్త."

సారు మాసయ్య వైపు తిరిగారు. సినిమా అయ్యాక మాసయ్యను ఒక మాట అడగడం ఆయనకు అలవాటు. "ఎట్లుంది మాసయ్యా?"

మాసయ్య టార్పాలిన్ ముడి విప్పుతున్నాడు.

"మొదాల్ల వాళ్లు పార పట్టుకున్నది తప్పు సారూ. రెండు చేతులు దగ్గరదగ్గర వెట్టి, నడుముతోని ఎత్తిన్రు. పని తెల్వనోళ్లు గట్లనే వడ్తరు. ఆఖర్ల సూస్తె ఒక చెయ్యి కిందికి దిగింది. మోకాలు ఆనిచ్చి ఎత్తుతున్నరు. చేతులు నేర్చుకున్నయి. అప్పటికి వాళ్లు సిపాయిలు గారు సారూ, కూలోళ్లయిన్రు."

సారు కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నారు. "ఈ సినిమాను ఇరవైసార్లు చూసిన. నాకు అది కనపడలేదు."

"మీరెన్నడు పార వట్టలే గద సారూ."

అందరూ నవ్వారు, సారు కూడా. నవ్వు సద్దుమణిగాక నర్సమ్మ టీ గ్లాసులు ఏరుకుంటూ అంది: "నాకైతె ఆ ముసలాయన వల్లనే ఈ సినిమా బాగుంది. తన మనిషి కోసం మంచుల నిలవడ్డడు. అచ్చం మా మాసన్న లెక్క."

మాసయ్య చేతిలో ముడి ఆగింది. ఎవరూ చూడలేదు.

పోయే ముందు సారు చెప్పారు. వచ్చే నెల ఇదే సినిమా మళ్లీ వేస్తారు. నాగర్‌కర్నూల్ కాలేజీ నుంచి ఇరవైమంది విద్యార్థులు వస్తున్నారు. సినిమా అయ్యాక మాసయ్య మాట్లాడాలి. "నువ్వు డ్యాముల కాడ క్యాంపుల్లో ఉన్నోనివి. నేను చెప్పే దానికన్నా నీ మాట వాళ్లకు పనికొస్తది."

"నాకేం మాట్లాడొస్తది సారూ."

"పారల సంగతి చెప్పు చాలు."

*

నలభై ఏళ్ల కింద మాసయ్య గుంపు మేస్త్రీ. ఊళ్లో కూలీలను జమచేసి, దూర రాష్ట్రాల డ్యాముల దగ్గరికి తీసుకుపోయి, తొలకరికి మళ్లీ ఊళ్లో దించేవాణ్ణి అలా పిలిచేవాళ్లు. పాలమూరు నేల మీద వాన లేదు. ఎక్కడో వాన ఉన్న చోట నదులకు కట్టలు కట్టడానికి పాలమూరు మనుషులు పోయేవాళ్లు.

దీపావళి వెళ్లాక లారీ వచ్చేది. లారీ ఎక్కేటప్పుడు మేస్త్రీ వెనక తలుపు దగ్గర నిలబడి, ఎక్కే ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి అంకె పైకి చెప్పాలి. ఇంటి ఆడవాళ్లు చుట్టూ నిలబడి పెదవులతో లెక్కపెట్టుకునేవాళ్లు. తిరిగొచ్చాక దిగేటప్పుడు కూడా అదే లెక్క. కాగితం లేదు, సంతకం లేదు. తల మీద చెయ్యే మాట. మాసయ్య ఆరేళ్లు గుంపు తీసుకుపోయాడు. ఐదేళ్లు ఎన్ని తలలు ఎక్కాయో అన్నీ దిగాయి. మాసయ్య గుంపంటే లెక్క తప్పదని తెలకపల్లిలో పేరు.

ఆరో ఏడు ముప్పై ఒకటి. చివరి తల యేసయ్యది. ఏడో నెల కడుపుతో ఇంటి దగ్గర ఉండిపోయిన భార్య నర్సమ్మ వైపు తిరిగి తిరిగి చూస్తూ అందరికన్నా వెనక ఎక్కాడు.

ఉత్తరాన, పేరు నోరు తిరగని ఒక నది. కొండలో సొరంగం పని. రేకుల షెడ్లు. షెడ్ల చుట్టూ కంపెనీ వేసిన కంచె, గేటు దగ్గర మనిషి. సాయంత్రం సైరన్ కూశాక గుమస్తా గేటు దగ్గర ఎంతమందని అడిగేవాడు. మాసయ్య తన గుంపును ఒకసారి చూసుకుని, హిందీలో ముప్పై ఒకటని చెప్పేవాడు: "ఇకత్తీస్, సాబ్." ఒక తల తగ్గితే మిగతావాళ్లు ఆ పనీ చేయాలి. పని తీరకపోతే తొలకరికి కంపెనీ గుంపును వదలదు.

జనవరిలో యేసయ్యకు పోస్టు కార్డు వచ్చింది. నర్సమ్మ పాస్టరుతో రాయించింది. చదవడం వచ్చిన కల్వకుర్తి మనిషి షెడ్డులో చదివి చెప్పాడు. కొడుకు. యేసయ్య రెండోసారి చదివించుకున్నాడు. తర్వాత మాసయ్య దగ్గరికి వచ్చాడు.

"నాలుగు దినాలు, మేస్త్రీ. చూసి వస్త."

"గుంపొచ్చింది, గుంపే పోవాలె యేసూ. తొలకరి యాడ దూరముంది?"

మర్నాడు తెల్లారేసరికి యేసయ్య చోటు ఖాళీగా ఉంది.

మాసయ్య గేటు మనిషికి ఏదో చెప్పి, రాళ్ల లారీ పట్టుకుని రైలు స్టేషనుకు పోయాడు. యేసయ్య బల్ల మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో పసిపిల్లల ఉన్ని టోపీ. ఎర్రది. స్టేషను బయట కొన్నాడు. మాసయ్యను చూసి పరుగెత్తలేదు. లేచి నిలబడ్డాడు. మాసయ్య కొట్టలేదు, తిట్టలేదు. ఒక్క మాట అన్నాడు.

"నీ తల లేకుంట నేను వాడల దిగితె, ఆడోళ్లు లెక్కవెట్టంగ, నర్సమ్మ మొకం ఎట్ల సూడాలె?"

వాళ్లిద్దరూ అలా నిలబడి ఉండగానే రైలు వచ్చింది. ఆగింది. పోయింది. రైలు పోయేదాకా యేసయ్య టోపీని చూస్తూ నిలబడ్డాడు. తర్వాత జేబులో పెట్టుకుని మాసయ్య వెంట నడిచాడు. ఆ సాయంత్రం గేటు దగ్గర గుమస్తా అడిగాడు. ఇకత్తీస్, సాబ్. ఆ రాత్రి మాసయ్య సుఖంగా నిద్రపోయాడు. గుంపును కాపాడుకున్నానని అనుకున్నాడు.

పన్నెండో నాడు సొరంగంలో రాయి జారింది. యేసయ్యను నది ఒడ్డున పాతిపెట్టారు.

తొలకరికి లారీ తెలకపల్లి వాడలో ఆగింది. మాసయ్య తలుపు దగ్గర నిలబడి తల తలకూ చెయ్యి పెట్టి చెప్పాడు. లెక్క ముప్పై దగ్గర ఆగింది. కబురు ముందే చేరింది. అయినా ఆడవాళ్ల పెదవులు కదులుతూనే ఉన్నాయి. నర్సమ్మ చంకలో పిల్లాడితో ముందుకొచ్చి ఒకటే అడిగింది.

"నా కార్డు అందిందా అన్నా?"

అందిందంటే తర్వాతి ప్రశ్న ఉంది. దాని తర్వాత ఇంకొకటి. చివర రైలు స్టేషను ఉంది.

"అందలే చెల్లె" అన్నాడు మాసయ్య.

ఆ ఒక్క మాటతో నర్సమ్మ నలభై ఏళ్లు బతికింది. చర్చిలో సాక్ష్యం చెప్పినప్పుడల్లా అదే చెప్పి ఏడ్చేది. కొడుకు పుట్టిన సంగతి తెలియకుండానే నా మనిషి మట్టిలో కలిసిండు ప్రభువా అని. కొడుకు సాంసన్ అది వింటూ పెరిగాడు. ఇప్పుడు వనపర్తిలో డీసీఎం వ్యాను నడుపుతున్నాడు, ముగ్గురు పిల్లలు. తాగిన రోజు అతనూ అదే అంటాడు, నేనున్నట్లు నా తండ్రికే తెల్వదని.

మాసయ్య మళ్లీ గుంపు తీసుకుపోలేదు. నర్సమ్మ ఇంటికి రేకులు వేశాడు. సాంసన్‌కు జ్వరం వస్తే భుజాన వేసుకుని నాగర్‌కర్నూల్ దవాఖానకు నడిచాడు. హాలు ఊడ్చే పని ఆమెకు ఇప్పించింది అతనే. నర్సమ్మ అతన్ని తోడబుట్టినవాడికన్నా ఎక్కువ చూసుకుంది. మాసన్న, మాసన్న. పండుగకు మొదటి గిన్నె అతనింటికే. మేస్త్రీ అన్న పిలుపును వాడ ఎప్పుడో మరిచిపోయింది.

*

ఆ నెల అంతా మాసయ్య పారల సంగతి మనసులో అల్లుకున్నాడు. చేతులు ఎలా పెట్టాలి, మోకాలు ఎలా ఆనించాలి. అంతవరకే చెప్పి కూర్చోవాలి. ఒక్కోసారి తన గొంతు తనకే వినిపించేది. దాని వెనక నర్సమ్మ గొంతు. అచ్చం మా మాసన్న లెక్క.

ఏప్రిల్‌లో ఎండ ముదిరింది. కాలేజీ పిల్లలు బస్సు దిగి హాలు నిండా కూర్చున్నారు. టార్పాలిన్ల వెనక ఉక్కపోత. మాసయ్య గోడకు ఆనుకుని నిలబడ్డాడు. రెండోసారి చూస్తుంటే సినిమా మారినట్టు ఉంది. ముందు ఏమవుతుందో తెలుసు. అందువల్ల ఆ కంచె, ఆ మంచు, వరుసలో నిలబడిన ఒక్కొక్కరి ముఖం విడివిడిగా కనబడ్డాయి. పారిపోబోయేవాడు ముందురోజే తన పళ్లెం కడిగి బోర్లించాడు. పోయినసారి అది చూడలేదు.

పేర్ల పిలుపు వచ్చింది. వరుస కదలలేదు. ముసలాయన పలికాడు.

"సూడు మాసన్నా" గుమ్మంలో నుంచి నర్సమ్మ మెల్లగా అంది. "నువ్వే."

మాసయ్య గోడ వదిలి వరండాలోకి వచ్చాడు. వెనక నుంచి నర్సమ్మ వచ్చింది. "ఏమాయె? తలకాయ తిరుగుతుందా? జర కూసో, నీళ్లిస్త."

"చెల్లె, కార్డు అందింది."

"ఏం కార్డు?"

"నువ్వు పాస్టరు తోని రాయించిన కార్డు. కొడుకు పుట్టిండని."

నర్సమ్మ చెంబు పట్టుకునే ఉంది. లోపల టీవీలో ఎవరో పరాయి భాషలో పేర్లు చదువుతున్నారు.

"ఆయన చేతికా?"

"ఆయన చేతికే. కల్వకుర్తాయన చదివిండు. రెండుమాట్ల చదివించుకున్నడు."

"కొడుకని తెల్సా?"

"తెల్సు."

చెంబు కింద పెట్టింది. పొయ్యి మంట తగ్గించింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. అన్నీ నెమ్మదిగా.

"మరెందుకు రాలె?"

"బయలెల్లిండు. స్టేషన్ల కూసున్నడు."

"ఆ?"

"నేను పోయి తెచ్చిన."

ఆమె అతని ముఖం చూస్తూనే ఉంది. మాసయ్య కళ్లు దించుకున్నాడు. మిగతాది నేల వైపు చూస్తూ చెప్పాడు. తాను అన్న మాట, రైలు ఆగి పోవడం, సాయంత్రం లెక్క, పన్నెండు రోజులు. ఎక్కువసేపు పట్టలేదు. ఇన్నేళ్లు మోసింది ఇంత చిన్నదా అనిపించింది.

"ఉత్త చేతుల్తోనే వస్తుండెనా?" అని అడిగింది నర్సమ్మ.

"లే. టోపీ కొన్నడు. పసిపిల్లలది. ఎర్ర ఉన్నిది."

"ఉన్నిదా?"

"గాడ సలి గద. గాడ అవే అమ్ముతరు."

"మన ఎండలకు ఉన్ని టోపీ కొన్నడా?" నర్సమ్మకు నవ్వొచ్చింది. చిన్న నవ్వు. "పిచ్చి మనిషి."

మళ్లీ అతని వైపు తిరిగి అడిగింది. "యాడ వాయె అది?"

"జేబులనే ఉంచి పాతిపెట్టిన."

"తేవద్దా?"

"తెస్తె నువ్వడుగుతవు, ఎవలకు కొన్నడని."

టీ పొంగి పొయ్యి మీద పడింది. నర్సమ్మ గిన్నె దించింది. గ్లాసుల్లో పోసింది, ఒక్క చుక్క తొణకకుండా. పళ్లెం ఎత్తుకుని లోపలికి పోయింది. ప్రతిసారీ మొదటి గ్లాసు మాసయ్యకు ఇచ్చి తర్వాత పళ్లెం ఎత్తేది.

సినిమా అయిపోయింది. శివశంకర్ సారు లేచి, ఈ పెద్దమనిషి పాలమూరు లేబర్‌ను దేశమంతా తీసుకుపోయినవాడని పిల్లలకు చెప్పారు. ఇతను చూపించేదాకా ఆ పారల సంగతి తనకే తెలియదని చెప్పారు. "రా మాసయ్యా."

మాసయ్య టీవీ పక్కన నిలబడ్డాడు. ఇరవై ముఖాలు. వాటి వెనక గుమ్మంలో నర్సమ్మ ఖాళీ పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. పారలు, మోకాలు, నెలంతా అల్లుకున్నది ఏదీ నోటికి రాలేదు.

"మాకు గూడ కంచె ఉండె" అన్నాడు. "మాకు గూడ మాపటికి లెక్క ఉండె. ఆ ముసలాయన లెక్క తప్పు జెప్పిండు. నేను సరిగ్గ జెప్పిన."

ఇంకా ఏదో చెబుతాడని అందరూ చూశారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. సారు కూడా కొట్టారు. చప్పట్లు చాలాసేపు మోగాయి. మాసయ్య అవి ఆగేదాకా చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు.

బస్సు పోయింది. సారు టీవీ ఆటోలో ఎక్కించుకున్నారు. హాలులో ఇద్దరే మిగిలారు. మాసయ్య టార్పాలిన్లు విప్పుతున్నాడు. నర్సమ్మ ఎప్పటిలాగే మూల నుంచి ఊడ్చుకుంటూ వచ్చింది. గుమ్మం దాకా వచ్చి, చీపురు గోడకు పెట్టి, మెట్టు మీద కూర్చుని ఫోను తీసింది. నంబరు వెతకడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

"సాంసనా, యాడున్నవు? బండి నడుపుతున్నవా? అయితె పక్కకు ఆపు... ఏం కాలే, నేను మంచిగనే ఉన్న. ఆపినవా? బిడ్డా, మీ నాయినకు తెల్సురా... నువ్వు పుట్టింది తెల్సు. కార్డు అందిందంట. నీకు టోపీ గూడ కొన్నడంట, ఎర్రది... ఆ, ఉన్నిది..."

అవతలి వైపు ఏదో మాట. మళ్లీ మాట.

"ఎవలు జెప్పిన్రంటె..." నర్సమ్మ ఆగింది.

మాసయ్య ఆఖరి ముడి దగ్గర ఉన్నాడు. ఎండకు తాడు బిగుసుకుపోయింది. ఆమె ఏ పేరు చెబుతుందా అని వీపుతో విన్నాడు.

"మేస్త్రీ" అంది నర్సమ్మ. "ఏ మేస్త్రీ ఏందిరా? మీ నాయినను తీస్కవొయ్యిన మేస్త్రీ."